కఫన్ కట్టినాక చెయ్యి తియ్యగూడదు

బేతంచెర్ల రైల్వే స్టేషన్ వెనక వీధుల్లో అబీదా బీకి రెండు పేర్లున్నాయి. రేషన్ కార్డులో పేరు ఎగిరిపోయినా, పింఛను ఆగిపోయినా, మొగుడు కొట్టి తరిమేసినా జనం వెతుక్కుంటూ వచ్చేది ‘కోర్టు అబీదమ్మ’ కోసం. ఇంట్లో ఆడమనిషి కన్ను మూస్తే మాత్రం అదే మనిషి ‘మయ్యత్ అబీదమ్మ’ అయిపోతుంది. మయ్యత్ అంటే వాళ్లలో శవం. పోయిన ఆడవాళ్లకు ఆఖరి స్నానం చేయించి, కఫన్ గుడ్డ చుట్టి సాగనంపే పని ఆమెకు తల్లి నుంచి వచ్చింది. కోర్టు పనిని మొగుడు చచ్చిపోయి అప్పగించిపోయాడు.

ఆ మొగుడు ఇమాం బాషా లారీ డ్రైవరు. ఎర్రగుంట్లలో సిమెంటు ఎత్తుకుని వస్తుంటే దారిలో ఇంకో లారీ గుద్దింది. పోలీసులు వచ్చి రాసుకున్నారు. ఆసుపత్రిలో శవాన్ని కోసి చూసి, గోనెసంచి మూతి కుట్టినట్టు పురికొసతో కుట్టి ఇచ్చారు. ఆ కుట్లు కళ్లారా చూసిన అబీదా బీ చాలాకాలం సూదీ దారం ముట్టలేదు. కానీ ఆ కోసిన డాక్టరు రాసిచ్చిన కాగితమే చివరికి ఆమె కేసును నిలబెట్టింది. ఆ కేసును పైసా తీసుకోకుండా వాదించిన డోన్ వకీలు శివజ్యోతి ఆమె తిరుగుడు చూసి, ఆమె నోరు చూసి, ఈ మనిషిని వదులుకోకూడదనుకుంది. న్యాయసేవ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లి పారా లీగల్ వాలంటీరుగా చేర్పించింది. అబీదా బీ మెడలో కార్డు పడింది.

నోరంటే నోరే. ఆఫీసులో గుమాస్తా రేపు రమ్మంటే, “రేపంటే యా వారమప్పా?” అని అందరూ వినేలా అడిగేది. కూర్చోమనకపోయినా కుర్చీ లాక్కుని కూర్చునేది. ఆమెను గడపలో చూస్తే కొందరు ఉద్యోగులకు ఉన్నట్టుండి టీ దాహం పుట్టేది. జీతమని ఏమీ లేదు. ఇల్లు గడిచేది కొడుకు అక్బర్ సంపాదన మీద. అక్బర్ వీరభద్ర బండల ఫ్యాక్టరీలో పాలిష్ అయిన బండలను లారీలకెత్తుతాడు.

కోర్టు పనిలో నోరు ఎంత పెద్దదో, మయ్యత్ పనిలో అంత మూత. తల్లి మరీ మరీ చెప్పిన మాట ఒకటే. “కడిగేటప్పుడు కండ్లు చూసింది నోరు చెప్పగూడదు. అది అమానత్.” నమ్మి అప్పగించినదాన్ని దాచిపెట్టడమని అర్థం. అబీదా బీ ఏమేం చూడలేదు? అట్లకాడ వాతలు చూసింది. ఎవరికీ తెలియని కడుపులు చూసింది. ఒక్కటీ బయటికి రాలేదు. అందుకే ఆ వీధి ఆడవాళ్లకు ఆమె చేతులంటే అంత గురి. నాలుగిళ్ల అవతల ఉండే రుఖియా అయితే పెళ్లిళ్లలో కూడా ఈ మాటే ఎత్తేది.

“అబీదా, నేను పోయినప్పుడు నువ్వే కడగాల. ఇంగెవురి చెయ్యి పడినా లేచి కూర్చుంటా, చూడు.”

“నువ్వు లేస్తే నేను పోతానక్కా, నన్నెవరు కడగాల?” అనేది అబీదా బీ. పెళ్లికొచ్చినవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు.

రుఖియాకు ఒక్కతే కూతురు, శిరీన్. మొగుడు వేరే సంసారం పెట్టుకుంటే కొన్నేళ్ల కిందట చంటిపిల్లను చంకనేసుకుని తల్లి దగ్గరికి వచ్చేసింది. వీరభద్ర ఫ్యాక్టరీలోనే పనికి కుదిరింది. పాలిష్ మిషన్ తిరుగుతున్నంతసేపూ బండ మీద నీళ్లు పడుతుండాలి. కింద పేరుకున్న తెల్లటి రాతి బురదను పైపుతో కొట్టి తోసేయాలి. అదీ ఆమె పని. ఆ ఫ్యాక్టరీలో కాలు పెడితే నీళ్లు, తల ఎత్తితే వైర్లు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే, కాబట్టి ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు.

పోయిన ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం శిరీన్‌ను ఫ్యాక్టరీ ఆటోలో తీసుకొచ్చి రుఖియా ఇంటి ముందు దించారు. అప్పటికే ఊపిరి లేదు. వెనకే ఓనరు వీరభద్ర వచ్చాడు. మనిషి నిజంగానే వణుకుతున్నాడు.

“మిషన్ కాడ నిలబడినట్టే పడిపాయమ్మా. మూర్ఛ వచ్చినట్టుండాది. డాక్టరు చూసి గుండె ఆగిపాయ అన్న్యాడు. పోలీసులకు చెప్పమంటే చెప్తా, నాకేం భయం? కాకుంటే డోన్‌కు తీసకపోయి కోస్తారు. మీ చేతికిచ్చేసరికి రేపయితాది.”

‘కోస్తారు’ అన్న మాట చెవిన పడగానే రుఖియా కూతురి మీద పడిపోయింది. “నా బిడ్డను కోయొద్దండి, మీ కాళ్లు మొక్కుతా, కోయొద్దండి” అని ఒకటే ఏడుపు. వాకిట్లో ఉన్నవాళ్లంతా అబీదా బీ వైపు తిరిగారు. చట్టం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే కదా.

పనిలో ఉండగా ప్రాణం పోతే పోలీసులకు చెప్పి తీరాలని అబీదా బీకి బాగా తెలుసు. న్యాయసేవ శిబిరాల్లో మైకు పట్టుకుని ఆమె చెప్పే మాటే అది. కానీ ఆ నిమిషంలో ఆమెకు ఇమాం బాషా పొట్ట మీది పురికొస కుట్లు కనబడ్డాయి. ఓనరు వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డ అక్బర్ కూడా కనబడ్డాడు. ఈ రెండింటిలో ఏది తన నోటితో ఆ మాట అనిపించిందో ఆమెకు ఈ రోజుకీ తేలలేదు.

“ఏం అక్కర్లేదు. సాయంత్రం అసర్ నమాజుకంతా జనాజా లేపుదాం” అంది.

అంతవరకైతే అదొక పొరపాటు. ఓనరు మాట నమ్మింది, తల్లి ఏడుపుకు కరిగింది అని సరిపెట్టుకోవచ్చు. అసలు తప్పు ఆ తర్వాత, పెరట్లో చీరలు అడ్డం కట్టిన చోట జరిగింది.

రేగాకు వేసి కాచిన నీళ్లు వచ్చాయి. బల్ల మీద శిరీన్ ఒంటిపై గుడ్డ కప్పి, ఒకామె తల వైపు నిలబడి నీళ్లు పోస్తోంది. కుడివైపు నుంచి మొదలుపెట్టాలి. కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుని ఉంది. వెచ్చటి నీళ్లు పడుతుండగా, ఒక్కొక్క వేలే నెమ్మదిగా తెరిచింది అబీదా బీ. అరచేతిలో నల్లగా కాలిన గుంట. దాని చుట్టూ తెల్లగా ఉడికిన చర్మం. చూపుడు వేలు కొసన కూడా అదే మచ్చ. బండల ఫ్యాక్టరీలున్న ఊళ్లో కరెంటు కాటు ఎట్లా ఉంటుందో ఆడవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

చీర పక్కకు తొలగించి బయటికి వస్తే చాలు. రెండు మాటలు అంటే చాలు. మయ్యత్ ఇంకా ఇంట్లోనే ఉంది. ఫ్యాక్టరీలో ఆ వైరు ఇంకా అట్లాగే వేలాడుతూ ఉంటుంది. కానీ అక్కర్లేదని అందరి ముందూ తానే తీర్పు చెప్పేసింది. అవతల గుంత తవ్వడం అయిపోయింది. కొడుకు పని ఓనరు చేతిలో ఉంది. నీళ్లు పోసే ఆమె కంట పడకముందే అబీదా బీ ఆ పిడికిలిని తిరిగి మూసింది. మూసిన చేతిని పద్ధతి ప్రకారం కడిగి, అన్నిటికంటే ముందు దాన్నే గుడ్డలో చుట్టేసింది. అమానత్ అని మనసులో అనుకుంది. దేవుడి మాటను అంత తేలిగ్గా అడ్డం పెట్టుకోవచ్చని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఆఖరి చూపుకు రుఖియాను లోపలికి తీసుకొచ్చారు. కూతురి నుదురు ముద్దు పెట్టుకుని, కఫన్ మీద తడుముతూ అడిగింది.

“చెయ్యొకసారి బయటికి తియ్యి అబీదా. ఒక్కసారి పట్టుకుంటా. కాన్పు అయినాక మొదట నా ఏలు పట్టుకునిన చెయ్యి అది.”

“కఫన్ కట్టినాక చెయ్యి తియ్యగూడదక్కా.”

తల్లి నేర్పినవాటిలో అట్లాంటి కట్టుబాటు ఏదీ లేదు. అప్పటికప్పుడు అబీదా బీ నోట్లో పుట్టింది. రుఖియా గుడ్డ మీద నుంచే ఒకసారి నిమిరి, తనే లేచి పక్కకు జరిగింది. అబీదా చెప్పిందంటే అంతే మరి.

పాతిపెట్టి కాస్త రోజులయ్యాక ఓనరుకు వణుకు తగ్గింది. మూర్ఛ వచ్చి పడిపోయిందన్న మాట కాస్తా, మూర్ఛ జబ్బు మొదట్నించీ ఉండేదని, తల్లి దాచిపెట్టి పనికి పంపిందని మారింది. ఇంకొన్నాళ్లకు శిరీన్ అసలు పనిమనిషే కాదని, ఎవరికో అన్నం తెచ్చిచ్చేదని తేల్చేశాడు. ఫ్యాక్టరీలో ఉన్నవాళ్లు ఎవరూ అవునూ అనలేదు, కాదూ అనలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్లు మాత్రం మూర్ఛ రక్తంలో వస్తుందని, మనవరాలికి కూడా ఉంటుందని చెప్పుకోవడం మొదలుపెట్టారు. బడిలో ఆ పిల్ల పక్కన తమ పిల్లల్ని కూర్చోబెట్టొద్దని ఒకరిద్దరు టీచరుకు చెప్పి వచ్చారు కూడా.

అప్పుడు లేచింది రుఖియా. మనవరాలిని వెంటబెట్టుకుని సరాసరి అబీదా బీ ఇంటికే వచ్చింది.

“నా బిడ్డకు ఒక్కనాడు మూర్ఛ రాలేదు. నేను దాచినా అంటాండారు. ఈ పిల్లకు కూడా ఆ మచ్చ ఏస్తాండారు. వాడు ఏమిస్తాడో ఏమో నాకు తెల్దు, నా బిడ్డ యాడ సచ్చిందో, ఎట్ల సచ్చిందో వాని నోటితో చెప్పియ్యాల. కేసు ఏద్దాం. నువ్వుండావు గదా అబీదా!”

లేనని చెప్పడానికి అబీదా బీకి ముఖం చెల్లలేదు. డోన్‌కు తీసుకెళ్లింది. దారి పొడుగునా ఆమె కార్డు మెడలో బరువుగా వేలాడింది.

శివజ్యోతి అంతా విని పెన్ను కింద పెట్టింది. “పోలీసు కేసు లేదు, పోస్టుమార్టం లేదు. పని చేసేవాళ్లు సాక్ష్యానికి రారు. కర్నూలు లేబర్ ఆఫీసులో క్లెయిము వేస్తే మొదట అడిగేది ఇదే, ఎలా చనిపోయిందనడానికి ఆధారమేంటని.” కాసేపు ఆలోచించి, “మీలో స్నానం చేయిస్తారు కదా? చేయించినవాళ్లు ఒంటి మీద ఏమైనా చూశారేమో” అంది.

రుఖియా ముఖం వెలిగింది. “ఈయమ్మే గదా మేడం కడిగింది!”

ఇద్దరూ అబీదా బీ వైపు చూశారు. ఆ గదిలోనే ఆమె ఎంతమంది ఆడవాళ్లకు ధైర్యం చెప్పిందో. భయపడొద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి అని.

“నేనేం చూల్లేదు మేడం” అంది.

శివజ్యోతి ఆమె మాటను అనుమానించలేదు. అనుమానించి ఉంటే బాగుండేదని అబీదా బీ తర్వాత చాలాసార్లు అనుకుంది. “అయితే ఒకటే దారి. సమాధి తవ్వించి పరీక్ష చేయించమని అర్జీ పెట్టాలి. ఇన్ని నెలల తర్వాత డాక్టర్లకు ఏమైనా దొరుకుతుందన్న నమ్మకం నాకు లేదు. కానీ మన చేతిలో వేరే ఏదీ లేదు” అంది వకీలు.

కోయొద్దని ఊరంతా వినబడేలా ఏడ్చిన తల్లి రుఖియా. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత బొటనవేలు ముందుకు చాపింది. “ఏలిముద్ర ఏయించుకో మేడం. నా బిడ్డ పేరు నిలబడుతాది అంటే తవ్వుకోండి” అంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అబీదా బీ భుజం మీద తల ఆనించింది. “నీ చేతులు పడినాయి కాబట్టి నా బిడ్డ మర్యాదగా పోయింది. నాకు ఆ ఒక్కటే ఓదార్పు” అని కళ్లు మూసుకుంది. ఆ తలను పక్కకు తోసేయలేక, మోయలేక, అబీదా బీ ఊరొచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఇంత ద్రోహం చేసి ఇంత నమ్మకాన్ని ఎట్లా భరించడం? ఆ వారంలోనే పై వీధిలో ఒక ముసలామె పోతే కబురొచ్చింది. జ్వరమని చెప్పి పంపించేసింది. మయ్యత్ పనికి రానని చెప్పడం ఆమె జన్మలో అదే మొదలు.

అర్జీకి అనుమతి వచ్చింది. తహసీల్దారు, పోలీసులు, డాక్టరు కలిసి మర్నాడు ఖబరస్తాన్‌కు వస్తారనగా, సాయంత్రం రుఖియా వచ్చింది. గడప దాటలేదు. చేతిలో కొత్త తెల్లగుడ్డ మడత ఉంది.

“రేపు నువ్వు ఆడ ఉండాల అబీదా. మొగోళ్ల ముందర నా బిడ్డ కఫన్ ఇప్పుతారంట. నువ్వు పక్కనే నిలబడి ఈ గుడ్డ కప్పాల. నీ చెయ్యే మొదట పడాల. ఇంగెవురినీ ముట్టనియ్యొద్దు.”

గుడ్డ అందించింది. అబీదా బీ చేతులు ముందుకు రాలేదు.

“తవ్వొద్దక్కా” అంది. “తవ్వే పని లేదు. నేను చూసినా. శిరీన్ కుడి చెయ్యి కాలిపోయింది. అరచేతిలో, ఏలి కొసన. కరెంటే. కడిగేటప్పుడు చూసినా. వకీలమ్మ కాడ అబద్ధం చెప్పినా.”

రుఖియా ఏడుస్తుందనుకుంది. తిడుతుందనుకుంది. చెప్పు తీసినా సరే అని తల దించుకుని నిలబడింది. రుఖియా మాత్రం ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. కేసు గురించి ఒక్క మాటా అడగలేదు.

“అందుకేనా చెయ్యి ఇయ్యలేదు?”

అబీదా బీ అవునన్నట్టు తల ఊపింది.

“కఫన్ కట్టినాక తియ్యగూడదు అంటివే. అది యాడుండాది?”

“యాడా లేదక్కా. నేనే అన్నా.”

రుఖియా తెల్లగుడ్డను మళ్లీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. పగ, కోపం ఉన్న మనిషి నడకలా లేదది. బాగా అలసిపోయిన మనిషి నడకలా ఉంది. ఆ నడక చూసిన అబీదా బీకి, ఆమె కొట్టి ఉంటే ఎంతో బాగుండేదనిపించింది.

అదే సాయంత్రం శివజ్యోతికి ఫోన్ చేసి చెప్పేసింది. “మీకు నేను నేర్పింది ఇదేనా అబీదమ్మా?” అని మాత్రం అంది వకీలు. తర్వాత పనిలో పడి తెల్లారేలోగా తవ్వకం ఆపించింది. పనిలో నుంచి వచ్చిన అక్బర్‌కు కూడా అబీదా బీ దాచలేదు.

“నువ్వు కోర్టులో చెప్తే రేపట్నించి నేను యాడికి పోవాలమ్మా పనికి?” అన్నాడు వాడు. కాసేపటికి తనే మళ్లీ, “ఆ వైరు సంగతి మాకందరికీ తెల్సు. నేను కూడా యా పొద్దూ చెప్పల్య” అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తప్పు తనొక్కదానిదే కాదని తెలిస్తే బరువు తగ్గుతుందంటారు. అబీదా బీకి ఏమీ తగ్గలేదు. కొడుకు బరువు కూడా కలిసింది.

కర్నూలులో విచారణ రోజు ఆమె కార్డు మెడలో లేదు. ముందే శివజ్యోతి బల్ల మీద పెట్టి వచ్చింది. చూసింది చూసినట్టు చెప్పింది. ఏ చెయ్యి, ఏ వేలు, ఎంత మేర కాలింది, పిడికిలి ఎట్లా తెరిచింది, ఎట్లా మూసింది. అమానత్ అని దాచినవన్నీ గుర్తుకొచ్చి, ఆ మాట నేర్పిన తన తల్లి వింటున్నట్టు మధ్యలో ఒకసారి ఆగింది. మళ్లీ చెప్పింది. ఓనరు తరఫు వకీలు లేచాడు.

“మీరు న్యాయసేవ వాలంటీరు. చట్టం తెలిసి కూడా పోలీసులకు చెప్పలేదు. మీ వకీలు దగ్గరే అబద్ధం చెప్పారు. అట్లాంటి మనిషి ఇప్పుడు చెప్పేది మేమెందుకు నమ్మాలి?”

“నమ్మదగిన మనిషినైతే ఆ పొద్దే చెప్పింటా సార్” అంది అబీదా బీ. “నా కొడుకు ఆ ఫ్యాక్టరీలోనే ఉన్న్యాడు. అందుకు దాచినా. కన్నతల్లి ఒక్కసారి చెయ్యి పట్టుకుంటానంటే కూడా, లేని కట్టుబాటు చెప్పి ఆపినా. ఇంతకంటే నన్ను మీరు ఏం తిడతారు?”

ఆయన ఇంకేవో అడిగాడు. అధికారి అన్నీ రాయించుకున్నాడు. వచ్చేవారం మిగతా పనివాళ్లను పిలుస్తామన్నాడు. శివజ్యోతి బయటికొచ్చి, కేసు ఇప్పుడు కాళ్ల మీద నిలబడిందని, ఇక మూర్ఛ మాట చెల్లదని రుఖియాకు చెప్పింది. అబీదా బీ కాస్త దూరంగా, గేటు దగ్గర వేపచెట్టు నీడలో నిలబడింది. దగ్గరికి పోయే హక్కు ఉందో లేదో తెలియలేదు.

రుఖియానే వచ్చింది. మనవరాలి చెయ్యి పట్టుకుని ఉంది. గట్టిగా, మొత్తం పిడికిలి తన పిడికిట్లో దాచుకుని పట్టుకుంది.

“బాగా చెప్పినావు. ఇంగ ఈ పిల్లను ఎవురూ ఏమీ అనరు. ఆ మేలు నేను మర్సిపోను.”

అబీదా బీ తల ఎత్తింది.

“ఒకటే మాట. నేను పోయినప్పుడు నువ్వు రావద్దు. ఇంగెవురినన్నా పిల్చుకుంటారు.”

గొంతులో కోపం లేదు. మార్కెట్‌కు పోతూ ఇంటి తాళం ఎవరికివ్వాలో చెప్పినంత మామూలుగా చెప్పింది. అబీదా బీ “సరే అక్కా” అంది. బేతంచెర్ల బస్సు వస్తే ముగ్గురూ ఎక్కారు. రుఖియా మనవరాలిని తీసుకుని ముందు సీట్లో కూర్చుంది. అబీదా బీ వెనక్కి పోయి నిలబడింది.